చేతుల లెక్క – 17: నెంబర్లు కలిసిన బండి

1943లో తయారైన ఒక మిలిటరీ మోటార్‌సైకిల్ ఇవాళ ఎంత పలుకుతుంది?

పోయినసారి రోస్టర్ పాయింట్ల గురించి రాసి, ఈసారి ఈ బండ్ల బేరాలేంటక్కా అని అడుగుతారని తెలుసు. కాస్త ఓపిక పట్టండి. మనవాళ్ల షెడ్డులో ప్రాణం పోసుకున్న పాత బండి లక్షలకు అమ్ముడుపోతే ఆ షెడ్డుకి ఏమీ ఎందుకు మిగలదు? మన పిల్లాడు బుల్లెట్ ఎక్కితే ఊళ్లో కొందరికి ఎందుకు మండుతుంది? ఈ రెండు ప్రశ్నలకీ జవాబు ఒకే చోట ఉందని నాకనిపిస్తోంది. అది చెప్పడానికే ఇంత దూరం నుంచి మొదలుపెడుతున్నాను.

ముందు ధరల సంగతి.

రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం కోసం హార్లీ డేవిడ్‌సన్ కంపెనీ డబ్ల్యు.ఎల్.ఎ. అనే బండి తయారుచేసింది. 740 సీసీ ఇంజను, ముందు చక్రం పక్కన తుపాకీ పెట్టుకునే తోలు ఒర, వెనక తోలు సంచులు. కెనడా సైన్యానికి ఇచ్చినవీ, విడిభాగాలుగా పంపినవీ కలుపుకుంటే 90 వేల దాకా లెక్క తేలుతుంది. బాగా రీస్టోర్ చేసిన డబ్ల్యు.ఎల్.ఎ. ఇవాళ అమెరికాలో సుమారు 15 వేల నుంచి 25 వేల డాలర్ల మధ్య అమ్ముడుపోతోంది. మన డబ్బుల్లో పన్నెండు పదమూడు లక్షల నుంచి ఇరవై లక్షల పైమాట.

బ్రిటిష్ సైన్యం ఎక్కువగా నడిపింది బి.ఎస్.ఎ. ఎం20. 496 సీసీ సింగిల్ సిలిండర్. లక్షా 26 వేల బండ్లు తయారయ్యాయి. సంఖ్య ఎక్కువ కాబట్టి ధర తక్కువ. బ్రిటన్‌లో మంచి బండి దాదాపు నాలుగు వేల నుంచి ఏడు వేల పౌండ్లు. హిట్లర్ సైన్యం సైడ్‌కార్ తగిలించి నడిపిన బీఎండబ్ల్యూ ఆర్75 పదహారు వేల పైచిలుకే తయారైంది. అది డబ్ల్యు.ఎల్.ఎ. కంటే కూడా చాలా ఎక్కువ ధర పలుకుతుంది. అందుకే దానికి మారువేషాలు కూడా ఎక్కువ. రష్యా ఎం72నీ, దాని నమూనాలో చైనా చేసిన ఛాంగ్ జియాంగ్‌నీ తెచ్చి, బూడిద రంగు కొట్టి, జర్మన్ గుర్తులు అంటించి అమ్మేవాళ్లున్నారు.

ఇంకో మాట. రీస్టోరేషన్ ఖర్చు అమ్మకపు ధరని దాటిపోవడం ఈ బండ్ల విషయంలో మామూలు. పడమటి దేశాల్లో మెకానిక్‌కి గంటకింత అని లెక్కగట్టి ఇవ్వాలి. ఎం20 లాంటి బండికి అలా కూలి లెక్కేస్తే ఏమీ మిగలదు. అందుకే అక్కడ చాలామంది సొంత గ్యారేజీలో, సొంత చేతులతో, సెలవు రోజుల్లో చేసుకుంటారు. ఈ బండ్ల మీద లాభం రావాలంటే ఎక్కడో ఎవరి శ్రమో చౌకగా దొరకాలి. ఈ వాక్యం గుర్తుపెట్టుకోండి, మళ్లీ పని పడుతుంది.

సంఖ్య తర్వాత ధర పెంచేది ఏమిటి? ఇక్కడే నాలోని తెలుగు మేష్టారికి చెవులు నిక్కబొడుచుకున్నాయి. ఈ బేరాల్లో వాడే మాటలు చూడండి. "ఒరిజినల్". "మ్యాచింగ్ నెంబర్స్". "పేపర్లు క్లీన్". ఇంజను మీద కొట్టిన నెంబరు, ఫ్రేము మీద కొట్టిన నెంబరు రెండూ బండి ఫ్యాక్టరీ గడప దాటిన నాటివేనా అని అడుగుతారు. బ్రిటన్‌లో వింటేజ్ మోటార్ సైకిల్ క్లబ్ దగ్గర బి.ఎస్.ఎ. ఫ్యాక్టరీ పాత రిజిస్టర్లున్నాయి. నెంబరు పంపితే చూసి కాగితం ఇస్తారు. ఆ కాగితం చేతికొస్తే ధర పెరుగుతుంది. పెళ్లి సంబంధం వస్తే మనూళ్లలో ఇంటిపేరేంటి, గోత్రమేంటి, మేనమామలు ఎవరు అని ఆరా తీయరూ, అచ్చం అలాగే.

కానీ ఈ ఆరాలో ఒక వింత ఉంది. యుద్ధంలో బండి దెబ్బతింటే వర్క్‌షాపుకి తోసుకొచ్చేవాళ్లు. ఈ బండి ఇంజను ఆ బండికి, ఆ బండి గేర్‌బాక్సు ఇంకోదానికి బిగించి మళ్లీ రోడ్డెక్కించేవాళ్లు. ఏ ఇంజను ఏ ఫ్రేముదో చూసే తీరికా లేదు, అవసరమూ లేదు. ఉత్తరం అవతలి శిబిరానికి చేరాలి, అంతే. అందుకే సైన్యంలో ఏళ్ల తరబడి నలిగిన ఎం20లలో నెంబర్లు కలిసినవి అరుదు. అంటే నిజంగా పనిచేసిన బండికి నెంబర్లు కలవవు. కలిసిన బండి చాలాసార్లు పెద్దగా కష్టపడని బండి. మార్కెట్ ఎక్కువ ధర ఇచ్చేది దానికే. ఇతర చేతులు తగలనిదే మేలు జాతి అనే ఈ లెక్క మనకు కొత్తా?

డబ్ల్యు.ఎల్.ఎ. దగ్గర ఈ పుట్టుక పిచ్చి ఇంకా నవ్వు తెప్పిస్తుంది. 1942లో చేసినా, 43లో చేసినా, 44లో చేసినా వాటి నెంబరు 42 తోనే మొదలవుతుంది. ఆ రోజుల్లో హార్లీ ఫ్రేముల మీద అసలు నెంబరే ఉండదు, ఇంజను మీదే ఉంటుంది. కాబట్టి నీ బండి ఏ సంవత్సరానిదో ఆ నెంబరు చూసి చెప్పలేవు. ఇది చదవగానే నాకు మా గూడెం గుర్తొచ్చింది. మా నాన్న తరం వాళ్ల సర్టిఫికెట్లన్నీ తీసి చూడండి. అందరి పుట్టినరోజూ జూలై 1. బళ్లో వేసేటప్పుడు మేష్టారు ఏది రాస్తే అది. ఒకే రోజు ఊరు ఊరంతా పుట్టింది! హార్లీ బండికి తప్పు సంవత్సరం ఉంటే నిపుణులు కూర్చుని, విడిభాగాలు చూసి, ఇది 43లో చేసిందని తేల్చి గౌరవంగా రాస్తారు. జూలై 1 పిల్లలకి ఆ పరిశోధన ఎవరూ చేయలేదు.

కథలు కూడా ధర పెంచుతాయి. రాయల్ ఎన్‌ఫీల్డ్ వాళ్ల "ఫ్లయింగ్ ఫ్లీ" సంగతే తీసుకోండి. 125 సీసీ చిన్న బండి, బరువు 60 కిలోలకి అటూ ఇటూ. యుద్ధంలో ఇనప చట్రంలో పెట్టి పారాచూట్‌తో దించేవాళ్లు. అసలు చట్రంతో సహా దొరికితే సేకరించేవాళ్లకి పండగే. దీని పుట్టుక వినండి. 1930లలో రోటర్‌డామ్‌లో స్టోక్‌విస్ అనే సంస్థ జర్మనీ డి.కె.డబ్ల్యు. బండ్లు అమ్మేది. యజమానులు యూదులు. నాజీల కాలంలో ఆ కారణంతోనే వాళ్ల ఏజెన్సీ పీకేశారు. వాళ్లు ఇంగ్లండ్‌లోని రెడ్డిచ్‌కి, ఎన్‌ఫీల్డ్ కంపెనీ దగ్గరికి పోయి, అలాంటిదే ఒక చిన్న బండి చేసిపెట్టమని అడిగారు. 1939లో ఆ నమూనా బయటికొచ్చింది. వెలివేతలోంచి పుట్టిన బండి అది.

ఇవాళ ఈ కథ అమ్మేవాడి నోట్లో ఉంటుంది, కొనేవాడికి నచ్చుతుంది. సంతోషమే, తెలియాల్సిన కథ. కానీ గమనించండి. వెలివేత ఎక్కడో దూర దేశంలో, ఎప్పుడో జరిగితే అది వస్తువుకి ఆభరణమవుతుంది. మన వీధి చివర జరిగేదైతే దాని గురించి మాట్లాడకూడదు, వాతావరణం చెడిపోతుంది. అలాగే ఆర్75 చేసిన బీఎండబ్ల్యూ కంపెనీ యుద్ధకాలంలో ఖైదీల చేత, నిర్బంధ కార్మికుల చేత పనిచేయించుకుంది. కంపెనీయే తర్వాత ఒప్పుకుంది. ఆ బండి మీద ప్రతి భాగానికీ నెంబరుంటుంది, ఆ మనుషుల పేర్లు మాత్రం ఏ అమ్మకం కాగితంలోనూ కనపడవు.

ఇక మన దేశానికి వద్దాం.

బ్రిటిష్ ఇండియా సైన్యం కూడా ఎం20లు, నార్టన్‌లు, మాచ్‌లెస్‌లు నడిపింది. యుద్ధం అయ్యాక అవి డిస్పోజల్‌లో అమ్ముడుపోయి ఊళ్లలోకి వచ్చాయి. దశాబ్దాల పాటు మన మెకానిక్కులు వాటిని బతికించారు. కంపెనీ భాగాలు దొరకవు. లేత్ మీద తిప్పించారు, పోత పోయించారు, వేరే బండి పిస్టన్ అరగదీసి పెట్టారు. తర్వాత తర్వాత విదేశీ వ్యాపారులు వచ్చి ఆ బండ్లు కొనుక్కెళ్లారు. అక్కడి మార్కెట్లో వాటికో ముద్ర పడింది: "ఇండియా నుంచి వచ్చిన బండి". అంటే జాగ్రత్త, చూసి కొనుక్కో, ఎవరెవరి చేతులో పడ్డాయి అని అర్థం. ధర తగ్గుతుంది. అతుకుల బండ్లను కొత్త పెయింట్ కింద దాచి అమ్మిన మోసగాళ్లు ఉన్నారు, నిజమే. కానీ ముద్ర పడింది మోసం చేసిన వ్యాపారి మీద కాదు. డెబ్బై ఏళ్లు బండిని నడిపించిన చేతుల మీద.

తోలు సంగతీ అంతే. పాత మిలిటరీ బండికి అసలు తోలు సంచులుంటే దానికి విడిగా ధర. లేకపోతే కొత్తవి కుట్టించాలి. పాత సైనిక సామగ్రిని పోలిన తోలు వస్తువులు మన దేశంలోనే కుట్టి బయటికి పంపుతారు. జీనులకి, తోలు సరంజామాకి కాన్పూర్ పేరుమోసిన ఊరు. అక్కడ తోలు పనిలో ఉన్నది ఎక్కువగా దళితులు, ముస్లింలు. నేను మాదిగ ఇంట్లో పుట్టాను. మా తాత చెప్పులు కుట్టేవాడు. అమెరికాలో ఎవరి గ్యారేజీలోనో మెరుస్తున్న ఆ సంచి కుట్టు చూస్తే, దారం ఎంత గుంజి పట్టారో, ఆరె ఎక్కడ దిగిందో నాకు తెలుస్తుంది. కొన్నవాడికి అది "అచ్చం ఒరిజినల్‌లా ఉంది". అంతవరకే.

ఇప్పుడు మా పెదనాన్న గురించి చెప్పాలి.

ఆయన పుట్టినరోజు కూడా జూలై 1. 1970ల మొదట్లో సైన్యంలో చేరాడు. సికింద్రాబాద్‌లోని ఇ.ఎం.ఇ. సెంటర్లో శిక్షణ. సైన్యంలో యంత్రాలు బాగుచేసే విభాగం అది. అక్కడ మొదటి ర్యాంకు పేరు "క్రాఫ్ట్స్‌మన్". చేతిపనివాడు అని. ఆ మాట చెప్పేటప్పుడు ఇప్పటికీ ఆయన గొంతు కొంచెం లేస్తుంది. "మీ తాతదీ చేతిపనే గదమ్మా. ఊళ్లో దానికి తిట్టు. అక్కడ దానికి ర్యాంకు, నెంబరు, జీతం" అంటాడు. పదిహేడేళ్లు చేసి వచ్చి, మా టౌన్లో బైపాస్ పక్కన రేకుల షెడ్డు వేశాడు. బుల్లెట్లు బాగుచేయడంలో చుట్టుపక్కల నాలుగు మండలాల్లో ఆయనకి పేరు.

2019లో పాత బండ్లు సేకరించే ఒక పెద్దమనిషి ఆ షెడ్డుకి ఒక బుల్లెట్ తెచ్చాడు. 1950ల నాటిది, ఆర్మీ డిస్పోజల్‌లోంచి ఎవరెవరి చేతులో మారి పాతసామాన్ల వాడి దగ్గర తేలింది. ఇంజను బిగుసుకుపోయింది. చక్రాల కమ్మీలు తుప్పు. సీటు లేదు. 22 వేలకి తెచ్చానన్నాడు. మనం కాస్త వెనక్కి వెళితే, 1950ల మొదట్లో సరిహద్దు గస్తీ కోసం మన సైన్యం బుల్లెట్లు ఆర్డరిచ్చింది, 1955లో మద్రాసు దగ్గర తిరువొత్తియూర్‌లో ఎన్‌ఫీల్డ్ ఇండియా కంపెనీ పుట్టింది. ఆ తొలి సంవత్సరాల బండి అంటే సేకరించేవాళ్లకి మోజు.

పెదనాన్న ఎనిమిది నెలలు దాని మీద కూర్చున్నాడు. ఇంజను విప్పి, సిలిండర్ రీబోర్ చేయించి, వాల్వులు కూర్చోబెట్టి, బుష్‌లు లేత్ మీద తిప్పించి, స్పోకులు ఒక్కొక్కటే బిగించి చక్రం వంకర తీసి. సీటు తోలు మా చిన్నతాత కుట్టాడు. అంతా కలిపి పెదనాన్న చేతికొచ్చిన కూలి 40 వేలు. నెలకి ఐదు వేలు. ఆ పెద్దమనిషి ఆయనకంటే పాతికేళ్లు చిన్న. "ఏమయ్యా, ఎంతవరకొచ్చింది" అని కారులోంచి దిగకుండానే అడిగేవాడు. పెదనాన్న "అయిపోవచ్చింది సార్" అనేవాడు.

చివర్లో ఒక పేచీ వచ్చింది. బండి ఇంజను, ఫ్రేము నెంబర్లు వేరు. సైన్యంలోనే ఎప్పుడో ఇంజను మారింది. ఇంజను మీద నెంబరు ఆకురాయితో అరగదీసి, ఫ్రేముకి కుదిరే నెంబరు పంచ్‌లతో కొట్టమన్నాడు ఆయన. పైగా ఇంకో పది వేలు ఇస్తానన్నాడు. పెదనాన్న కొట్టనన్నాడు. అది నేరం, అది వేరే సంగతి. కానీ ఆయన నాతో చెప్పిన కారణం అది కాదు. "ఇంజను మారిస్తే మేం లాగ్‌బుక్కులో రాసేవాళ్లం అమ్మా. ఏ తారీకు, ఏ వర్క్‌షాపు, ఎవరు మార్చారు, అన్నీ. అది మరమ్మతు. సిగ్గుపడి దాచేదానికి అదేమన్నా రంకా?"

ఆ మాట పట్టుకుని నేను చాలా రోజులు ఆలోచించాను.

ఆ బండి 2021లో అమ్మకానికి వచ్చింది. నాలుగు లక్షల పాతిక వేలకి పోయిందని తర్వాత తెలిసింది. ప్రకటన నేనే చూశాను. "పూర్తిగా రీస్టోర్ చేసినది. ఓనర్ స్వయంగా దగ్గరుండి శ్రద్ధగా చేయించినది. మ్యాచింగ్ నెంబర్స్." కలవని నెంబర్లు రెండేళ్లలో ఎలా కలిశాయో నాకు తెలీదు. నాకు తెలిసిందల్లా, షెడ్డులోకి వచ్చిన ప్రతి బండి నెంబర్లూ పెదనాన్న ఒక నోట్‌బుక్కులో రాసి పెట్టుకుంటాడు. ఆర్మీ అలవాటు. ఆ పేజీ ఫోటో నా ఫోన్లో ఉంది. రెండు నెంబర్లు, రెండూ వేరు, కింద తారీకు, ఆయన పొడి సంతకం.

నాలుగు లక్షల పాతిక వేలలో పాత ఇనుము ధర 22 వేలు. కూలి 40 వేలు. భాగాలకి, పెయింట్‌కి ఇంకో లక్షా పాతిక అనుకుందాం. మిగిలిన రెండు లక్షల ముప్పై ఎనిమిది వేలు దేనికి? కథకి. స్వచ్ఛమైన పుట్టుక అనే కథకి. ఆ కథలో మా పెదనాన్న లేకపోవడమే దాని ధర. ఆయన్ని రాస్తే ఇంజను మారిందని కూడా రాయాలి.

చట్టం ఏమంటుందో కూడా చూద్దాం. 2021లో కేంద్రం వింటేజ్ వాహనాలకి నిబంధనలు తెచ్చింది. 50 ఏళ్లు దాటి, అసలు రూపం పెద్దగా మారకుండా ఉన్న బండికి "వి.ఎ." అక్షరాలతో ప్రత్యేక నెంబరు ప్లేటు ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషన్‌కి 20 వేలు, తర్వాత పునరుద్ధరణకి 5 వేలు. రోజువారీ పనులకి గానీ వ్యాపారానికి గానీ ఆ బండి నడపకూడదు. ప్రదర్శనలకి, ర్యాలీలకి అయితే సరే. అంటే 20 వేల ఫీజు కట్టి పనిచేయని బండిని ఇంట్లో పెట్టుకోగలవాడికే ఆ గౌరవం. అదే కాలం నాటి బండి మీద ఇప్పటికీ పాలక్యాన్లు మోసేవాడికి అది వింటేజ్ కాదు, వట్టి పాత బండి. దరఖాస్తులో యజమాని వివరాలున్నాయి. బాగుచేసిందెవరో రాసే గడి లేదు.

ఇంకో తమాషా. కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 121వ నియమం ప్రకారం ఆలివ్ ఆకుపచ్చ రంగు రక్షణ శాఖ బండ్లకే. మామూలు మనుషుల బండికి ఆ రంగు కొట్టకూడదు. కాబట్టి మన దేశంలో మిలిటరీ బుల్లెట్‌ని దాని అసలు రంగుతో రోడ్డు మీదికి తేవడమే కుదరదు. "ఒరిజినల్" అని ఎంత గొంతు చించుకున్నా మొదటి అబద్ధం పెయింట్ డబ్బాలోనే ఉంది. 2018లో రాయల్ ఎన్‌ఫీల్డ్ పాత ఫ్లయింగ్ ఫ్లీ జ్ఞాపకంగా పెగాసస్ అనే మోడల్ తెచ్చింది. ప్రపంచం మొత్తానికి వెయ్యి, ఇండియాకి 250. దాదాపు రెండున్నర లక్షల ధర. మన 250 బండ్లూ 178 సెకన్లలో అమ్ముడయ్యాయి. ఇక్కడ అమ్మినవి గోధుమ రంగువే. యుద్ధం చూడని బండికి యుద్ధం రంగు వేస్తే మూడు నిమిషాల్లోపు గిరాకీ.

ఇప్పుడు ఇంకో బుల్లెట్ గురించి. 2025 ఫిబ్రవరిలో తమిళనాడు శివగంగ జిల్లాలో ఒక దళిత డిగ్రీ విద్యార్థి బుల్లెట్ మీద ఇంటికి వెళ్తుంటే దాడి చేసి చేతుల మీద నరికారు. ఈ కులంలో పుట్టి బుల్లెట్ నడుపుతావా అంటూ నరికారని ఆ కుటుంబం చెప్పింది. మళ్లీ చదవండి. నరికింది చేతుల్ని.

బండి ఒకటే. ఒకరు ఎక్కితే వారసత్వం, అభిరుచి. ఇంకొకరు ఎక్కితే నేరం. మన చేతులు బండి కింద ఉంటే ఎవరికీ అభ్యంతరం లేదు. జాకీ పెట్టి, నూనె మరకలతో, వీపు నేలకానించి పడుకుని ఉన్నంతసేపూ మంచివాళ్లమే. హ్యాండిల్ పట్టుకున్న రోజే తేడా వస్తుంది. మొదట నేను అడిగిన రెండు ప్రశ్నలకీ జవాబు ఇదే. పనిచేసే చేతుల పేరు తుడిచేస్తే తప్ప ఆ బండికి "మేలు జాతి" పేరు రాదు. ఆ తుడిచేసిన చేతులే తిరిగి హ్యాండిల్ మీద కనపడితే ఆ పేరు మొత్తం కూలిపోతుంది. కోపం అందుకు.

సైన్యం కూడా ఈ లెక్కకి బయట లేదు. మార్షల్ రేస్ అంటూ ఏ జాతి యుద్ధానికి పనికొస్తుందో, ఏది పనికిరాదో బ్రిటిష్‌వాళ్లు పట్టికలు రాశారు. అంబేడ్కర్ తండ్రి సుబేదార్. అలాంటి మహర్లనే 19వ శతాబ్దం చివర్లో తీసుకోవడం మానేశారు. మొదటి ప్రపంచ యుద్ధంలో అవసరం పడి మళ్లీ తీసుకున్నారు, యుద్ధం అయ్యాక 1921లో పంపేశారు. అంబేడ్కర్ పట్టుబట్టి అడిగాక 1941 అక్టోబరులో బెల్గాంలో మహర్ రెజిమెంట్ ఏర్పడింది. అది ఇవాళ్టికీ ఉంది. 1943 మార్చిలో చమార్ రెజిమెంట్ ఏర్పడింది. కోహిమాలో పోరాడింది. 1946లో రద్దు చేసేశారు. దాన్ని మళ్లీ నిలబెట్టమని దశాబ్దాలుగా అడుగుతూనే ఉన్నారు.

అందుకే నా మొదటి ప్రశ్నలో 1943 అన్నాను. ఆ ఏడు తయారైన మోటార్‌సైకిల్‌కి రీస్టోరేషన్ ఉంది. నట్టు ఏ కంపెనీదో వెతికి తెచ్చే ప్రేమ ఉంది. ఇరవై లక్షల ధర ఉంది. ఆ ఏడు ఏర్పడిన రెజిమెంటుకి మాత్రం రీస్టోరేషన్ లేదు.

నేను చదివింది సాహిత్యం. మాకు ఈ "రీస్టోరేషన్" కొత్త కాదు. పాత కావ్యాలకి పాఠ పరిష్కరణ చేసేటప్పుడు తాళపత్ర ప్రతులన్నీ ముందేసుకుని ఏది అసలు పద్యం, ఏది తర్వాత చేర్చిన ప్రక్షిప్తం అని తేలుస్తారు. ఆ తాళపత్రాల చివరి ఆకు అంటే నాకు ఎప్పుడూ ఇష్టం. నకలు రాసినవాడు అక్కడ తన పేరు, సంవత్సరం, తిథి రాసుకుంటాడు. తప్పులుంటే మన్నించమంటాడు. కావ్యం రాసింది తను కాకపోయినా, దాన్ని ఇంకో వందేళ్లు బతికించింది తానేనని చెప్పుకునే చోటు అది. చదువు అనుమతించిన కులాల వాళ్లకే ఆ చోటు దొరికిందనేది వేరే చరిత్ర. గంటం సాగగొట్టిన కమ్మరి పేరు ఏ చివరి ఆకులోనూ చూడలేదు నేను.

మెకానిక్ చేసేదీ నకలు రాసేవాడి పనే. వేరేవాళ్లు గీసిన యంత్రాన్ని ఇంకో యాభై ఏళ్లు బతికించడం. ఆయనకి కూడా చివరి ఆకు కావాలి.

కాబట్టి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈసారి పని చెప్పి ముగిస్తాను. మీ ఊళ్లో, మీ టౌన్లో పాత బండ్లు బాగుచేసే మనవాళ్లు ఉంటారు. ఐటీఐ చదివినవాళ్లు, అసలు బడికే పోనివాళ్లు, ఆర్మీ నుంచి వచ్చినవాళ్లు. సెలవుల్లో వెళ్లి కూర్చోండి. ఏ ఏడు పని నేర్చుకున్నారు, ఎవరి దగ్గర, ఏ భాగం దొరక్కపోతే ఏం చేశారు, కూలి ఎంత, బండి తర్వాత ఎంతకి పోయిందో తెలుసా, ఇవన్నీ అడిగి రికార్డు చేయండి. వాళ్లకి ఒక రూళ్ల పుస్తకం కొనివ్వండి. షెడ్డుకి వచ్చిన ప్రతి పాత బండి ఇంజను నెంబరు, ఫ్రేము నెంబరు, వచ్చినప్పటి ఫోటో, పోయేటప్పటి ఫోటో, మార్చిన భాగాలు, తీసుకున్న కూలి రాసిపెట్టమనండి. కింద సంతకం. ఒక నకలు బండితోపాటు పోవాలి. ఆ కాగితం లేకుండా బండి షెడ్డు దాటకూడదు.

ఆ కాగితం బండి ధర పెంచుతుందని నేను హామీ ఇవ్వలేను. బహుశా కొన్నాళ్లు తగ్గిస్తుంది కూడా. కానీ నెంబరు దొంగతనంగా కొట్టిన రోజున "ఇది అబద్ధం" అని చెప్పడానికి ఊళ్లో ఒక పుస్తకం ఉంటుంది. వాహన శాఖకి కూడా అడుగుదాం: వింటేజ్ దరఖాస్తులో బాగుచేసినవాళ్ల పేరుకి ఒక గడి పెట్టమని. చిన్న కోరికే. ఒక గడి.

వచ్చే భాగంలో కాన్పూర్ జీనుల దగ్గర్నుంచి మన ఊరి డప్పు దాకా తోలు ధరల గురించి రాస్తాను. మీ దగ్గర తోలు పని చేసే పెద్దవాళ్లుంటే వాళ్ల మాటలు రాసి పంపండి. పేర్లు వాళ్లు ఒప్పుకుంటేనే.

జై భీమ్.